తట్టిన ప్రతి చప్పుడుకూ ఫిర్యాదు చేయాలా?

ప్రశ్న:

అయ్యా, నేను ఒక చిన్న సంస్థలో నెట్‌వర్క్ నిర్వహణ చూస్తున్నాను. మా సర్వర్లలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవి నాలుగే. వాటి లాగ్‌లలో, అంటే జరిగినదంతా నమోదయ్యే ఫైళ్లలో, రోజూ వేల సంఖ్యలో విఫలమైన లాగిన్ ప్రయత్నాలు కనిపిస్తున్నాయి. అందులో ఒక ఐపీ చిరునామా మూడు వారాలుగా వదలకుండా వస్తోంది. ఏమిటో తెలుసుకుందామని నేనే ఆ చిరునామాను ఒకసారి తిరిగి స్కాన్ చేశాను. గతంలో ఇలాంటిదే, సైబర్ దాడుల సమాచారం అందుకుని సాయపడే ఒక భద్రతా స్పందన బృందానికి రాస్తే, యంత్రం పంపిన జవాబు తప్ప మరేమీ రాలేదు. సంస్థ పేరు పోతుందని మా పై అధికారి ఇలాంటివి బయటికి చెప్పవద్దంటున్నారు. ఈ నెల మొదట్లో ఒక రాత్రి 2:40కి, చాలాకాలంగా సెలవులో ఉన్న మా సహోద్యోగి ఖాతాతో ఒక లాగిన్ జరిగింది. తర్వాత ఆ సర్వర్ నుంచి మాకు తెలియని చిరునామాకు కొంతసేపు డేటా వెళ్లింది. బహుశా ఆయనే ఏదో ఫైలు కోసం వచ్చి ఉంటారు. దాడి అని అనుమానం కలిగిన ప్రతిసారీ ఈ బృందాలకు తెలియజేయాలా? లేక అది వారి సమయాన్ని వృథా చేయడమే అవుతుందా?

పేరు వద్దన్న ఒక పాఠకుడు

సమాధానం:

మీ ఉత్తరం చాలావరకు ఆ వేల ప్రయత్నాల గురించే ఉంది. సెలవులో ఉన్న సహోద్యోగి ఖాతా సంగతి చివర్లో, మాటవరసకు చెప్పినట్లు, రెండు మూడు వాక్యాలలో వచ్చి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ వాక్యాల దగ్గరే ఆగిపోయాను. తలుపు తట్టి వెళ్లిపోయిన వేల మంది గురించి మీరు బెంగపడుతున్నారు. తాళం తీసుకుని లోపలికి వచ్చి, ఏదో మూటగట్టుకుని వెళ్లిన ఒక్కరి విషయంలో ‘బహుశా మనవాడే’ అని సర్దిచెప్పుకుంటున్నారు. ఆయనే అయితే మంచిదే. కాని ఆ సంగతి తేలేవరకు దాన్ని చొరబాటుగానే లెక్కించాలి, ఆయన కాదని తేలితే ఆ రోజే తెలియజేయాలి. మిగిలిన వేల ప్రయత్నాలను ఒక్కొక్కటిగా ఎవరికీ రాయనవసరం లేదు. మీ ప్రశ్నకు క్లుప్తమైన జవాబు ఇదే అయినా, ఎందుకన్నది కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ముందు ఆ తట్టుళ్ల సంగతి చూద్దాం. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న చిరునామాలన్నీ కలిపి దాదాపు 430 కోట్లు. ఇంత పెద్ద గుంపులో మనల్ని ఎవరు వెతుకుతారులే అన్న ధీమా ఒకప్పుడు ఉండేది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో విడుదల చేసిన జీమ్యాప్ అనే సాధనం, గిగాబిట్ వేగం ఉన్న ఒకే యంత్రం నుంచి ఆ చిరునామాలన్నింటినీ 45 నిమిషాల లోపే తట్టి రాగలదని చూపించాక ఆ ధీమాకు ఆధారం లేకుండా పోయింది. ఇప్పుడు ఇంటర్నెట్‌కు తగిలించిన ప్రతి యంత్రాన్నీ అదేపనిగా ఎవరో ఒకరు తట్టి చూస్తూనే ఉంటారు. వారిలో పరిశోధకులు ఉంటారు, ఇంటర్నెట్‌లోని యంత్రాల జాబితా కట్టే షోడాన్, సెన్సిస్ వంటి సెర్చ్ ఇంజిన్లు ఉంటాయి, తేలికైన పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నించే దుష్ట ప్రోగ్రాములు అందరికంటే ఎక్కువగా ఉంటాయి. యంత్రానికి ఉండే అంకెల తలుపులను పోర్టులంటారు; దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే 22వ పోర్టు తెరిచి ఉన్న సర్వర్‌లో ‘రూట్’, ‘అడ్మిన్’ పేర్లతో విఫలమైన లాగిన్లు కనిపించకపోతేనే లాగ్ రాయడం ఆగిపోయిందేమోనని అనుమానించాలి. ఇలాంటి వాటిని స్పందన బృందానికి పంపితే, వారికి అంతకుముందే తెలిసిన సంగతిని మరోసారి చెప్పినట్లవుతుంది. పాస్‌వర్డ్ లాగిన్‌ను మూసివేసి కీలతో (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైళ్లతో) మాత్రమే అనుమతించడం, నిర్వహణ పోర్టులను వీపీఎన్ అనే రహస్య మార్గం వెనక్కి నెట్టడం, పదే పదే విఫలమయ్యే చిరునామాలను కొంతసేపు నిలిపివేసే ఫెయిల్‌టుబ్యాన్ వంటి సాధనాన్ని పెట్టుకోవడం వంటి పనులకు ఎవరికీ ఉత్తరం రాయనక్కరలేదు. ఒక మధ్యాహ్నం చాలు.

తొందరపడి రాసిన ఫిర్యాదులు ఒక్కోసారి నవ్వులపాలు కూడా అవుతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఫైర్‌వాల్ 53వ పోర్టు నుంచి వస్తున్న ప్యాకెట్లను దాడిగా చూపిస్తే, ఆ చిరునామా యజమానులకు ఘాటైన భాషలో ఒక ఫిర్యాదు రాశాను. ‘మీ యంత్రాలు అడిగిన ప్రశ్నలకే మా డీఎన్ఎస్ సర్వర్ జవాబులిస్తోంది’ అని వారు ఒక్క వాక్యంలో బదులిచ్చారు. వెబ్ పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్, దాని పోర్టే 53. ఈ పొరపాటు చేసింది నేనొక్కడినే కాదని తర్వాత తెలిసి కొంత ఊరట కలిగింది. సంస్థల లోపల వాడుకునే 10తోనూ, 192.168తోనూ మొదలయ్యే చిరునామాల గురించిన డీఎన్ఎస్ ప్రశ్నలు పొరపాటున బయటికి పొర్లిపోయినప్పుడు వాటికి జవాబు చెప్పడానికి ప్రత్యేకంగా కొన్ని సర్వర్లు ఉన్నాయి. ఆ సర్వర్ల పేర్లలో అయానా అనే సంస్థ పేరు ఉండటంతో, ఆ జవాబులను చూసి అయానా తమపై దాడి చేస్తోందని ఎంతమంది ఫిర్యాదు చేశారంటే, అది దాడి కాదని వివరించడానికే 2011లో, ఇంటర్నెట్ పద్ధతులను వివరించే ఆర్ఎఫ్‌సీల వరుసలో ఆర్ఎఫ్‌సీ 6305 అనే పత్రాన్ని ప్రచురించవలసి వచ్చింది. ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను సమన్వయపరిచే సంస్థకే ఆ నింద తప్పలేదు.

ఇందులో మరింత సున్నితమైన పొరపాటు ఒకటుంది. ముందు పలకరింపు లేకుండానే పంపే యూడీపీ రకం ప్యాకెట్‌లో పంపినవారి చిరునామాను అబద్ధంగా రాయవచ్చు. డీఎన్ఎస్ సర్వర్లను, గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ సర్వర్లను అద్దంలా వాడుకుని చేసే వరద దాడుల్లో, దాడి చేసేవారు బాధితుడి చిరునామాతో ప్రశ్నలు పంపుతారు. ఆ ప్రశ్నలకంటే ఎన్నో రెట్లు పెద్దవైన జవాబులన్నీ వెళ్లి ఆ బాధితుడి మీద పడతాయి. మీ సర్వర్ అలాంటి అద్దాలలో ఒకటైతే, మీ లాగ్‌లో ‘దాడి చేస్తున్నట్లు’ కనిపించే చిరునామా నిజానికి దెబ్బలు తింటున్నవారిది. ఫిర్యాదు అందుకోవలసింది వారు కాదు, ముందు సరిదిద్దుకోవలసింది మీ సర్వర్‌ను. లాగిన్లకు వాడే టీసీపీ పద్ధతిలో రెండు వైపుల నుంచీ పలకరింపులు పూర్తయితే తప్ప సంభాషణ మొదలవదు కనుక, లాగిన్ ప్రయత్నం దాకా వచ్చిన చిరునామాను ఆమేరకు నమ్మవచ్చు. నమ్మదగినది చిరునామా మాత్రమేనని, దాని వెనక ఉన్న మనిషి ఎవరన్నది వేరే ప్రశ్న అని గుర్తుంచుకోండి.

ఇంత చెప్పాక తట్టుళ్లకు విలువే లేదని మీరనుకోకూడదు. ఒక్క ఇంటివారు చెబితే అర్థం కానిది, వేల ఇళ్లవారు చెప్పినవి ఒకచోట పోసి చూస్తే తెలుస్తుంది. 2000లో మొదలైన డీషీల్డ్ ప్రాజెక్టు ఇలా స్వచ్ఛందంగా పంపిన ఫైర్‌వాల్ లాగ్‌లనే కలిపి చూసేది. 2001 మార్చిలో 53వ పోర్టు వైపు ప్రయత్నాలు ఉన్నట్టుండి పెరగడం ఆ లాగ్‌లలోనే కనిపించింది. బైండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా లినక్స్ యంత్రాల్లోకి దూరుతున్న లయన్ అనే వార్మ్ (తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాము) ఆ విధంగా బయటపడింది. అందువల్ల మీ ఫైర్‌వాల్ లాగ్‌లను ఇలాంటి సేకరణ ప్రాజెక్టుకు యంత్రం ద్వారానే అందేలా ఏర్పాటు చేసుకోండి. ఒక మనిషి చదవవలసిన ఉత్తరంగా మాత్రం వాటిని రాయకండి.

మూడు వారాలుగా వదలకుండా వస్తున్న ఆ ఒక్క చిరునామా విషయం కాస్త వేరు. దానికి ఒక చిన్న ఉత్తరం రాయవచ్చు. అది కూడా స్పందన బృందానికి కాకుండా, ఆ చిరునామా ఏ నెట్‌వర్క్‌కు చెందిందో వారికే రాయాలి. ఐపీ చిరునామాలను పంచే ప్రాంతీయ రిజిస్ట్రీలు ప్రపంచంలో 5 ఉన్నాయి. హూయిజ్ లేదా ఆర్‌డాప్ అనే విచారణ సేవల ద్వారా వాటిని అడిగితే, ఆ నెట్‌వర్క్ ఎవరిది, దుర్వినియోగం గురించిన ఫిర్యాదులు ఎక్కడికి పంపాలి అన్నది తెలుస్తుంది. ఇందుకోసం ప్రతి సంస్థా ‘అబ్యూస్’ పేరుతో ఒక మెయిల్ పెట్టెను నడపాలన్న సంప్రదాయాన్ని 1997లోనే ఆర్ఎఫ్‌సీ 2142 రాసిపెట్టింది. ఆ ఉత్తరాన్ని నేరారోపణలా కాకుండా, ఇరుగుపొరుగు చెప్పుకునే మాటలా రాయండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డ్‌లనే మార్చకుండా ఉంచుకున్న ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో వశపరచుకున్నది. అందుకు దాని దగ్గర ఉన్నదల్లా 60కి పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటల జాబితా. ఆ కెమెరాల యజమానులకు తమ ఇంటి గోడ మీది పరికరం ఊరూరా తలుపులు తడుతోందని తెలియనే తెలియదు. మీ దగ్గరికి వస్తున్నది కూడా అలాంటి బాధితుడి యంత్రమే కావచ్చు. సమయంతో పాటు సోర్సు పోర్టు (ఆ ప్రయత్నం బయలుదేరిన పోర్టు) సంఖ్యను కూడా తప్పక రాయండి. నేడు ఎందరో వినియోగదారులు ఒకే చిరునామాను పంచుకుంటున్నందువల్ల, పోర్టు సంఖ్య లేకపోతే ఆ చిరునామా వెనక ఉన్నది ఎవరో సర్వీసు ప్రొవైడర్‌కు సైతం తేలదు.

అదే చిరునామాను మీరు తిరిగి స్కాన్ చేశానన్నారు. ఇకపై చేయకండి. చాలా దేశాల్లో అది చట్టం దృష్టిలో చిక్కు తెచ్చే పని. అవతల ఉన్నది అమాయకుడి యంత్రమైతే, ఈసారి తట్టినవారు మీరవుతారు. దొంగ యంత్రమే అయితే, మీరు మేలుకున్నారని వాడికి కబురు పెట్టినట్లవుతుంది. ఎవరికైనా నివేదిక రాసేటప్పుడు ఈ స్కాన్ సంగతి దాచవద్దు కూడా. అవతలివారి లాగ్‌లో మీ చిరునామా కనబడి, ఎవరు ఎవరిపై దాడి చేశారన్న అయోమయం తర్వాత కలగడం కంటే, మీరే ముందుగా ఒక వాక్యంలో చెప్పడం మేలు.

ఇక అసలు విషయానికి వస్తాను. దీన్ని స్పందన బృందానికి చెప్పాలా అన్న సందేహం కలిగినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ప్రయత్నం ఫలించిందా? ఫలించి ఉండవచ్చనిపించినా చాలు. తెలియని చోటి నుంచి విజయవంతమైన లాగిన్, ఎవరూ సృష్టించని కొత్త ఖాతా, నిలిచిపోయిన లేదా చెరిపేసిన లాగ్‌లు, లోపలి యంత్రం తనంతట తాను బయటికి చేస్తున్న కనెక్షన్లు తట్టుళ్ల కోవలోకి రావు. ఫలించకపోయినా చెప్పదగినవి కొన్ని ఉంటాయి. మీ సంస్థలోని వ్యక్తుల పేర్లు, పనులు తెలుసుకుని అల్లిన మోసపు మెయిల్ అలాంటిది. ఇప్పటిదాకా ఎవరూ వర్ణించని పద్ధతిలో జరిగిన ప్రయత్నం అలాంటిది. మీతో వ్యాపార సంబంధం ఉన్న మరో సంస్థకూ అదే వారంలో అదే అనుభవం ఎదురుకావడం అలాంటిది. వాటిలో ఎవరో మిమ్మల్నే ఎంచుకుని వస్తున్న వాసన ఉంటుంది. నిశ్చయంగా తెలిసేదాకా ఆగుదామని మాత్రం అనుకోవద్దు. అనుమానాన్ని అనుమానంగానే రాసి పంపితే ఏ బృందమూ తప్పుపట్టదు. దాన్ని నిర్ధారించుకోవడంలో సాయపడటం వారి పనిలో ఒక భాగం.

మీ సహోద్యోగి ఖాతా గురించి చదవగానే నాకు 1986 నాటి ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. దాన్ని సరిచూడమని ఖగోళ శాస్త్రవేత్త క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించారు. రూపాయి పైసల పొరపాటుగా కొట్టిపారేయదగిన ఆ తేడాను ఆయన వదలకుండా పట్టుకుని వెళితే, నెలల తరబడి సాగిన ఆ వెతుకులాట చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్ దాకా చేరింది. ఆ చొరబాటుదారు వాడుకున్న ఖాతాల్లో ఒకటి, అప్పటికి ఆ దేశంలోనే లేని ఒక పాత ఉద్యోగిది. ఊళ్లో లేనివారి ఖాతా అంటే దొంగకు ఎంతో అనువైనది. దాన్ని రోజూ వాడి తేడా కనిపెట్టే యజమాని ఉండడు, చూసినవారు ‘ఆయనే అయి ఉంటాడు’ అనుకుని ఊరుకుంటారు. మీరు అనుకున్నది సరిగ్గా ఆ మాటే.

స్పందన బృందాల గురించి మీకున్న నిరాశలో కొంత, వారి నుంచి ఆశించవలసినదేమిటో తెలియకపోవడం వల్ల కలిగింది. 1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ నాటి ఇంటర్నెట్‌లోని వేల యంత్రాలను స్తంభింపజేసినప్పుడు, ఒక చోట దానికి విరుగుడు కనిపెట్టినవారికి మరో చోట ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఆ వార్మ్ భయంతో నెట్‌వర్క్ తీగలు పీకేసుకున్నవారికి మెయిల్ కూడా అందలేదు. ఆ అనుభవంతోనే అదే నెలలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే మొదటి స్పందన బృందపు సమన్వయ కేంద్రం ఏర్పడింది. ఇలాంటి బృందాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1990లో ఫస్ట్ అనే వేదిక వచ్చింది. నేడు అందులో ప్రపంచమంతటా వందల బృందాలు ఉన్నాయి. అంటే పుట్టుకతోనే ఇవి సమాచారాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే బృందాలు. పోలీసుల్లాగా ఎవరినీ పట్టుకోవు. మీ సర్వర్‌ను వచ్చి బాగుచేసేవి కూడా తక్కువే. ప్రతి బృందానికీ తన సేవా పరిధి ఉంటుంది. ఎవరికి సేవ చేస్తారు, ఏ వేళల్లో పనిచేస్తారు, రహస్యంగా రాయడానికి ఏ కీ వాడాలి వంటివన్నీ బృందాలు ముందే ప్రకటించాలని 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2350 చెబుతుంది. మీరు ఏ పరిధిలోకి వస్తారో చూసుకుని రాస్తే సగం నిరాశ అక్కడే తగ్గుతుంది.

మీకు వచ్చిన ఆ యంత్రపు జవాబులో ఒక టికెట్ సంఖ్య ఉండి ఉంటుంది. మీరు పంపినది విఫల ప్రయత్నాల జాబితానే అయితే, వారు దాన్ని నమోదు చేసుకుని పక్కన పెట్టి ఉంటారు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేవాడిని. జవాబు రాకపోయినంత మాత్రాన ఆ సమాచారం వాడలేదని కూడా చెప్పలేము. మీరు పంపిన చిరునామా మరో ముగ్గురు పంపిన వాటితో కలిసి, మీకెన్నడూ తెలియని ఒక సంస్థకు హెచ్చరికగా వెళ్లి ఉండవచ్చు. దర్యాప్తు నడుస్తున్న విషయమైతే మీకు చెప్పే వీలే వారికి ఉండదు. అయినా వారి నుంచి జవాబు రాబట్టుకునే దారి ఒకటుంది. ఉత్తరంలో మీకేం కావాలో స్పష్టంగా అడగండి. ‘మీ దృష్టికి తెస్తున్నాము’ అన్న ఉత్తరానికి బదులు రాయవలసిన అవసరం ఎవరికీ కనబడదు. ‘డేటా వెళ్లిన ఈ చిరునామా ఇంతకుముందు మరే సంఘటనలోనైనా మీకు కనిపించిందా?’ అని అడిగితే ఎవరో ఒకరు వెతికి చూడక తప్పదు. తర్వాత కొత్త ఆధారం దొరికితే అదే టికెట్ సంఖ్యతో పంపండి, కొత్త ఉత్తరం మొదలుపెట్టవద్దు.

రాసే ముందు ఆ సర్వర్‌ను శుభ్రం చేయకండి. ఇది మంచి నిర్వాహకులు సైతం చేసే తప్పు. ఏదో తేడాగా ఉందనిపించగానే రీబూట్ చేస్తారు, అనుమానాస్పదమైన ఫైళ్లు తీసేస్తారు, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెడతారు. సాయంత్రానికి సర్వర్ చక్కగా నడుస్తుంది, ఏం జరిగిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ మిగలదు. త్వరగా చెరిగిపోయేవాటిని ముందుగా సేకరించాలన్నది 2002 నాటి ఆర్ఎఫ్‌సీ 3227లో రాసిన క్రమం: మెమరీలో ఉన్నది, నడుస్తున్న ప్రాసెస్‌లు, తెరిచి ఉన్న కనెక్షన్లు మొదట, డిస్కు ఆ తర్వాత. విద్యుత్తు ఆపేస్తే మెమరీ పోతుంది కనుక, యంత్రాన్ని ఆపకుండా నెట్‌వర్క్ నుంచి విడదీయడం సాధారణంగా మేలు. లాగ్‌ల నకలు తీసి ఆ సర్వర్‌కు దూరంగా దాచి, ఫైలు మారితే మారిపోయే వేలిముద్రల్లాంటి వాటి షా-256 విలువలు రాసిపెట్టుకోండి. లాగ్‌లను కొన్ని వారాలకే తుడిచేసే ఏర్పాటు మీ దగ్గర ఉంటే దాన్ని ఇప్పుడే నిలిపివేయండి. ఈ నెల మొదట్లో జరిగిన సంగతి మీరిప్పుడు రాస్తున్నారు. ఎన్ని రోజుల లాగ్ మిగిలిందో చూసుకోవడం అన్నింటికంటే ముందు చేయవలసిన పని.

మరొక జాగ్రత్త. చొరబాటుదారు మీ మెయిల్‌ను కూడా చదువుతున్నాడేమో మీకు తెలియదు. అందువల్ల ఈ వ్యవహారాన్ని సంస్థ మెయిల్‌లో చర్చించవద్దు, ఆ మెయిల్ నుంచే నివేదిక పంపవద్దు. ఫోను వాడండి, లేదా ఈ నెట్‌వర్క్‌తో సంబంధం లేని యంత్రం నుంచి, వేరే ఖాతాతో రాయండి.

నివేదిక పొడవుగా ఉండనక్కరలేదు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు, ఏ పోర్టులతో, మీరు ఎలా గమనించారు, గమనించాక ఏమేం చేశారు అన్నవి ఉంటే చాలు. సమయాన్ని ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో రాయండి, లేదా స్థానిక సమయానికీ యూటీసీకీ ఉన్న తేడాను పక్కనే చెప్పండి. మీరు రాసిన 2:40 ఏ దేశపు 2:40 అన్నది మీ ఉత్తరం చదివిన నాకే తెలియలేదు. మీ సర్వర్ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో కూడా ఒక మాట రాయండి. రెండు నిమిషాల తేడా చాలు, సర్వీసు ప్రొవైడర్ మరో వినియోగదారుని అనుమానించడానికి. లాగ్ పంక్తులను తెరచిత్రాలుగా పంపకుండా అక్షరాల రూపంలోనే పంపండి. చిత్రంలోని అంకెలను ఎవరూ వెతకలేరు. చూసినదాన్ని ఊహించినదాని నుంచి విడదీసి రాయడం అన్నింటికంటే ముఖ్యం. ‘ఫలానా దేశపు హ్యాకర్లు మాపై దాడి చేశారు’ అని రాస్తే, మీకు తెలిసినదల్లా ఆ చిరునామా ఏ దేశంలో నమోదైందో అంతేనని చదివేవారికి ఇట్టే అర్థమవుతుంది, తక్కిన వాక్యాల మీద కూడా నమ్మకం సడలుతుంది.

విఫలమైన లాగిన్ల జాబితాను యథాతథంగా పంపే ముందు దాన్ని ఒకసారి కంటితో చదవండి. తొందరలో యూజర్‌నేమ్ రాయవలసిన చోట పాస్‌వర్డ్ కొట్టేసేవారు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు. లాగ్ దాన్ని యూజర్‌నేమ్‌గా భావించి నమోదు చేస్తుంది. అలాంటివాటిని, మీ ఖాతాదారుల వివరాలను కప్పిపుచ్చి, కప్పిపుచ్చినట్లు చెప్పండి. మిగిలినదాన్ని ఆ బృందం ప్రకటించిన పీజీపీ కీతో రహస్యపరచి పంపండి. ఎంతమేరకు పంచుకోవచ్చో ట్రాఫిక్ లైట్ ప్రోటోకాల్ గుర్తులతో పైనే రాయండి. ఎర్ర గుర్తు ఉంటే చదివినవారు దాటి పోకూడదు, అంబర్ ఉంటే తెలియవలసిన అవసరం ఉన్నవారి వరకే వెళ్లాలి, ఆకుపచ్చ ఉంటే తోటి భద్రతా వర్గాలకు చెప్పవచ్చు, క్లియర్ అంటే ఎవరికైనా చెప్పవచ్చు. మీ విషయానికి అంబర్ సరిపోతుంది. మీ సంస్థ పేరు లేకుండా చొరబాటుదారు చిరునామాలను మాత్రం ఇతర బృందాలకు పంపవచ్చని అదనంగా ఒక వాక్యం చేరిస్తే వారి పని సులువవుతుంది.

మీ పై అధికారి భయానికి కూడా జవాబు ఆ గుర్తులలోనే ఉంది. స్పందన బృందానికి చెప్పడం లోకానికి చాటడం కాదని ఆయనకు వివరించండి. తమకు చెప్పినవారి పేర్లు బయటపెట్టే బృందానికి మళ్లీ ఎవరూ ఏమీ చెప్పరు. ఆ నమ్మకం మీదే వారి పని నడుస్తుంది. సంస్థ పేరు పోయే దారి వేరే ఉంది: మీ సర్వర్ నుంచి వెళ్లిన డేటా ఎక్కడో అమ్మకానికి కనబడి, ఆ సంగతి మీ ఖాతాదారులకు పరాయివారి నోట తెలియడం. పైగా ఇది ఆయన ఇష్టానికి వదిలిన విషయం కాకపోవచ్చు కూడా. ఐరోపా సమాఖ్య సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్ ప్రకారం, వ్యక్తిగత సమాచార భద్రతకు భంగం కలిగి దానివల్ల వ్యక్తులకు ముప్పు ఉంటే, తెలిసిన 72 గంటల లోపు పర్యవేక్షక సంస్థకు తెలపాలి. భారతదేశంలో జాతీయ స్పందన బృందమైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు, పేర్కొన్న రకాల సంఘటనలకు 6 గంటలే గడువిచ్చాయి. లాగ్‌లను 180 రోజులు దాచాలని కూడా చెప్పాయి. మీ సంస్థ ఏ చట్టం కిందికి వస్తుందో, గడువు ఏ క్షణం నుంచి లెక్కకు వస్తుందో న్యాయ సలహాదారును అడిగించండి. ఆయన ఒప్పుకోకపోతే ఆయనకు తెలియకుండా సంస్థ తరఫున రాయవద్దు. మీరు చూసినదాన్ని, మీ సిఫారసును తేదీతో సహా ఒక పేజీలో రాసి ఆయన చేతికివ్వండి. ఎదురుగా కాగితం ఉన్నప్పుడు ‘చెప్పవద్దు’ అనడం నోటిమాటగా అన్నంత తేలిక కాదు.

లాగ్‌లను భద్రపరచుకున్న వెంటనే, మిగిలినవి మొదలుపెట్టే ముందు మీ సహోద్యోగికి ఫోను చేయండి. ‘ఆ రాత్రి మీరేనా లాగిన్ అయింది?’ అని అడిగితే మొహమాటానికైనా ‘ఏమో, అయి ఉండవచ్చు’ అంటారు కనుక, ఆ నెలలో ఏయే రోజుల్లో, ఎక్కడి నుంచి, ఏ యంత్రంతో లాగిన్ అయ్యారో ఆయననే చెప్పమనండి. మీ దగ్గరున్న తేదీ, సమయం ముందుగా బయటపెట్టవద్దు. ఆయన చెప్పినది లాగ్‌తో సరిపోయి, ఆ డేటా ఎక్కడికి పంపారో కూడా చెప్పగలిగితే అనుమానం తీరినట్లే. సెలవులో ఉన్నవారి ఖాతాను ఎందుకు తెరిచి ఉంచారన్నది మీరూ మీ అధికారీ మాట్లాడుకోవలసిన సంగతి. సరిపోకపోతే, ఆ సాయంత్రమే వెళ్లవలసిన నివేదికలో మొదటి వాక్యాలు ఇలా ఉంటే చాలు: ‘సెలవులో ఉన్న ఉద్యోగి ఖాతాతో మా సర్వర్‌లోకి ఈ కింది సమయంలో లాగిన్ జరిగింది, అది తాను చేసినది కాదని ఆయన ఫోనులో చెప్పారు. ఆ తర్వాత ఈ కింది చిరునామాకు డేటా వెళ్లింది. అందులో ఏముందో ఇంకా తేలలేదు. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీశాము, ఆపలేదు. విఫల ప్రయత్నాలు చేస్తున్న మరో చిరునామాను అంతకుముందు మేము ఒకసారి స్కాన్ చేశాము; దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. ఈ చిరునామాలు మీకు ఇంతకుముందు కనిపించాయా? మాతో మాట్లాడవలసి వస్తే ఈ ఫోను నంబరుకే చేయండి, మా మెయిల్‌కు రాయవద్దు.’